1951 ఆర్మీ జట్టు: ఓడినవారు వేరు, తప్పు చేసినవారు వేరు

సంపాదకుడు గారికి,

అమెరికా ఆర్మీ–నేవీ ఫుట్‌బాల్ పోటీ గురించి మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది. 1951 సీజన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘కాపీ కొట్టి పట్టుబడిన ఆర్మీ జట్టు ఆ ఏడాది చిత్తుగా ఓడింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇది ఆ పిల్లలకు అన్యాయం. పట్టుబడినవాళ్లు ఆ ఏడాది మైదానంలోకే దిగలేదు. ఓడినది వాళ్ల స్థానంలో ఆడిన కుర్రాళ్లు.

ముందు కాపీ సంగతి. ఆర్మీ జట్టంటే వెస్ట్ పాయింట్‌లోని అమెరికా సైనిక అకాడమీ విద్యార్థుల జట్టు. అక్కడ కేడెట్లు రెండు రెజిమెంట్లు. చిన్నచిన్న రాతపరీక్షలు తరచూ జరిగేవి. ఒక రోజు ఒక రెజిమెంట్‌కి ఇచ్చిన ప్రశ్నలనే ఇంకో రోజు రెండో రెజిమెంట్‌కి ఇచ్చేవారు. కేడెట్ అబద్ధమాడడు, మోసం చేయడు, దొంగిలించడు అన్న నియమం మీదే మొత్తం భారం. ముందు రాసినవాడు నోరు విప్పితే తర్వాత రాసేవాడికి పేపర్ చేతికొచ్చినట్టే. మన ఈఏపీసెట్‌లో పూటకో పేపర్ ఎందుకిస్తారో, ఆ తర్వాత నార్మలైజేషన్ తలనొప్పి ఎందుకు భరిస్తారో తెలిసిన ఏ తల్లిదండ్రులకైనా ఇందులోని లోపం ఇట్టే తెలుస్తుంది. ప్రాక్టీసుతో అలసిపోయి చదువులో వెనకబడే ఆటగాళ్లకు తోటివాళ్లు పాఠాలు చెప్పేవారు. ప్రశ్నలు చేతులు మారింది ప్రధానంగా ఆ దారిలోనే. తప్పు తప్పే, కానీ ఏర్పాటే ఆ తప్పుకు తలుపు తీసి పెట్టింది.

1951 ఆగస్టు 3న 90 మంది కేడెట్లను పంపించేస్తున్నట్టు ప్రకటించారు. అందులో 37 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు. కోచ్ ఎర్ల్ బ్లేక్ కొడుకు, క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడిని నడిపేవాడు) బాబ్ కూడా వారిలో ఉన్నాడు. కొందరు చేసిన తప్పల్లా, తెలిసి కూడా పైవాళ్లకు చెప్పకపోవడం. ఆ నియమావళిలో అదీ నేరమే.

37 మంది పోవడమంటే ఏమిటో మన పాఠకులకు విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. మైదానంలో ఒక్కో జట్టుకి 11 మందే, కానీ అప్పటి నిబంధనల ప్రకారం ఎంతమందినైనా మార్చుకోవచ్చు. అందుకని బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఒక 11 మంది, ఎదుటివారి చేతిలో ఉన్నప్పుడు వేరే 11 మంది దిగేవారు. ఈ పద్ధతికి ‘ప్లటూన్’ అని పేరు పెట్టింది బ్లేకే. రెండు దళాలకు కావలసింది 22 మంది. 37 మంది వెళ్లిపోయారంటే, వాళ్ల వెనక సిద్ధంగా ఉండాల్సినవాళ్లు కూడా చాలావరకు పోయినట్టే.

మొదట చెడేది లైన్. బంతి వెనక్కి అందిన క్షణంలో ముందు వరుసలోని ఏడుగురిలో ఎవరు ఎవరిని అడ్డుకోవాలో ప్రతి ప్లేకీ మారుతుంది. ఎదుటివాడు చోటు మారితే పక్కవాడితో కలిసి అప్పటికప్పుడు సర్దుకోవాలి. ఒక్కడు అర అడుగు తప్పటడుగు వేసినా అక్కడ సందు పడుతుంది, క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే కింద పడతాడు. ఇది ఒంటి బలంతో వచ్చేది కాదు, కలిసి ఆడిన నెలలతో వస్తుంది. వసంతకాలపు ప్రాక్టీసు వెళ్లిపోయినవాళ్లతో జరిగిపోయింది. ప్రకటనకీ సెప్టెంబరు 29 నాటి మొదటి మ్యాచ్‌కీ మధ్య ఎనిమిది వారాలు. బయటినుంచి ఆటగాళ్లను తెచ్చుకునే వీలూ లేదు. వెస్ట్ పాయింట్‌లో ఎవరైనా నామినేషన్‌తో (ఎక్కువగా చట్టసభ సభ్యుల సిఫార్సుతో) మొదటి ఏడాదిలోనే చేరాలి.

ఫలితం, ఇతర కాలేజీ జట్లతో ఆడిన 9 మ్యాచుల్లో 2 గెలుపులు, 7 ఓటములు. విలనోవా చేతిలో 21–7, నార్త్‌వెస్టర్న్ చేతిలో 20–14, డార్ట్‌మత్ చేతిలో 28–14. గెలిచింది కొలంబియా మీద 14–9, సిటడెల్ మీద 27–6. వేసిన పాయింట్లు 116, ఇచ్చినవి 183.

మీ వ్యాసంలో రాని రెండు స్కోర్లున్నాయి: హార్వర్డ్ చేతిలో 22–21, పెన్ (పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం) చేతిలో 7–6. రెండూ ఒక్క పాయింట్ తేడాతో పోయినవే. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని ఎదుటివారి చివరి గీత దాటిస్తే, 6 పాయింట్లు, ఆ తర్వాతి కిక్ పడితే ఇంకొకటి. అంటే ఒక్క కిక్కు విలువంత తేడా. ఈ రెండూ అటు తిరిగి ఉంటే 4 గెలుపులు, 5 ఓటములు అయ్యేవి, ‘చిత్తుగా’ అనే మాట మీరూ రాసేవారు కాదు.

డిసెంబరు 1న ఫిలడెల్ఫియాలో నేవీ చేతిలో 42–7 మాత్రం నిజంగానే ఘోరం. ఆ రోజుకి నేవీ కూడా ఒక్క మ్యాచే గెలిచి ఉంది, కాబట్టి దానికి సాకు వెతకను. అయితే ఆర్మీ వైభవం ఈ వ్యవహారంతోనే కూలిందని రాయడం సరికాదు. 28 మ్యాచుల పాటు ఓటమి ఎరగని ఆర్మీని అంతకుముందు ఏడాదే, 1950లో, అదే నేవీ 14–2తో ఓడించింది. అప్పటికి పాతవాళ్లంతా జట్టులోనే ఉన్నారు.

బ్లేక్ తప్పుకుందామనుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధ సేనాని జనరల్ మెకార్థర్ వద్దనడంతో ఉండిపోయాడు. 1952లో 4–4–1 (గెలుపులు–ఓటములు–డ్రాలు), 1953లో 7–1–1, నేవీ మీద 20–7తో గెలుపు. 1953 నుంచి ఆటగాళ్లను ఇష్టం వచ్చినట్టు మార్చే వీలు తీసేశారు, దాంతో తక్కువమందితోనే నెట్టుకురావచ్చు. అదీ కలిసొచ్చింది. అంతకన్నా పెద్ద కారణం, 1951లో దెబ్బలు తిన్న రెండో ఏడాది కుర్రాళ్లు 1953కి చివరి ఏడాదిలో ఉండడం.

వ్యాసాన్ని మీ వెబ్‌సైట్‌లోనూ ఉంచారు కాబట్టి, ‘పట్టుబడిన ఆర్మీ జట్టు’ అన్నచోట ‘37 మందిని పోగొట్టుకున్న ఆర్మీ జట్టు’ అని మార్చగలరు. ఆ రెండు ఒక్క పాయింట్ స్కోర్లనూ చేర్చగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్