వయొలిన్ నేర్చే పిల్లలకు ముందు కమాను నేర్పండి

సంపాదకులకు,

విజయదశమికి వయొలిన్‌లో చేరిన పిల్లల్లో కొందరు సంక్రాంతి దాటకుండానే మానేస్తుంటారు. ఇంట్లోవాళ్లు చెప్పే కారణాలు రెండే: ఆ మోత వినలేకపోతున్నాం, పిల్లకు భుజం నొప్పి. ఈ రెంటికీ మూలం ఒకటే. వాద్యం ఒంటికి కుదురుగా ఆనకపోతే చెయ్యి బిగుస్తుంది. బిగిసిన చెయ్యి కమానును (తీగల మీద లాగే వెంట్రుకల కర్రను) తీగ మీద నొక్కుతుంది, తీగ కీచుమంటుంది. ఆ కీచు విన్న పిల్ల ఇంకా బిగుసుకుంటుంది. తొలి రెండు నెలలు గీతాల తొందర మాని ఈ ముడి విప్పమని గురువులకూ తల్లిదండ్రులకూ మా విన్నపం.

ముందు కూర్చునే తీరు చూడాలి. మన పద్ధతిలో కింద కూర్చుని, కుడి పాదం కాస్త ముందుకు పెట్టి, వయొలిన్ తలను చీలమండ దగ్గర ఆనిస్తాం. రెండో కొస ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య ఆనుతుంది. వాద్యం బరువంతా ఈ రెండు చోట్లే నిలవాలి. ఎడమ చెయ్యి పూర్తిగా తీసేసి చూడండి. వయొలిన్ జారిందంటే, ఇంతసేపూ ఆ చెయ్యి స్వరం పలికించే పని మాని బరువు మోస్తోందన్నమాట. అప్పుడు బొటనవేలు వయొలిన్ మెడను పట్టకారులా పట్టేస్తుంది. ఆ పట్టుతో రేపు జారుడు గమకం, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, పలకదు. పాదం దగ్గర జారుతుంటే గరుకు గుడ్డో, పల్చటి రబ్బరు ముక్కో వేస్తే సరిపోతుంది. ఎలాగూ ఎదుగుతుంది కదా అని ఎనిమిదేళ్ల పిల్లకు నిండు సైజు కొనకండి. అర, ముప్పావు సైజులు ఉన్నది అందుకే.

ఇక కమాను. దాని బరువు సుమారు 60 గ్రాములు. దానికి చేతి బరువు కొంచెం తోడైతే తీగ పలుకుతుంది, నొక్కక్కర్లేదు. నాదం మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: తీగ మీద పడే బరువు, కమాను వేగం, బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్కకు) ఎంత దూరంలో లాగుతున్నామన్నది. బరువు ఎక్కువై వేగం తగ్గితే గరగరమంటుంది. వేగం ఎక్కువై బరువు చాలకపోతే పీలగా తేలిపోతుంది. కొత్తవాళ్లు బ్రిడ్జికీ, ఫింగర్ బోర్డు (వేళ్లతో తీగ నొక్కే పలక) చివరకూ సరిగ్గా మధ్యలో లాగితే మంచిది. దాదాపు అందరికీ వచ్చే తప్పు ఒకటుంది. కమాను కొసకు వచ్చేసరికి మోచెయ్యి వెనక్కి పోతుంది, కమాను వంకర తిరిగి ఫింగర్ బోర్డు మీదకు జారుతుంది. మొదటి సగం పై చెయ్యి కదలాలి, రెండో సగంలో మోచేతి మడత విచ్చుకోవాలి. ఎదురుగా అద్దం పెట్టుకుని కమాను బ్రిడ్జికి సమాంతరంగా నడుస్తోందో లేదో పిల్లే చూసుకుంటే, గురువు పదిసార్లు చెప్పే పని తప్పుతుంది.

శ్రుతి పెట్టె వేసి, వేళ్లు పెట్టకుండా వట్టి తీగ మీద సాధన చేయించండి. నిమిషానికి 60 లెక్కన 4 అక్షరాలు (తాళపు లెక్కలు) బయటికి, 4 అక్షరాలు లోపలికి. మొదట్లో కమాను నడిమి భాగం చాలు. నాదం ఎక్కడా తెగకుండా వచ్చాకే నిండు కమాను, ఆ తర్వాత 8 అక్షరాలు. కమాను పట్టిన బొటనవేలు వంగి ఉండాలి. గోళ్లు తెల్లబడ్డాయంటే పట్టు బిగిసినట్టే. పిల్లలు తెలియకుండానే ఊపిరి బిగబడతారు. కమాను కదిలేటప్పుడు ఊపిరి వదలమనండి, భుజం దానంతట అదే దిగుతుంది. ఈ సాధన విసుగనిపిస్తే వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డు పెట్టి, ఒక్క కమానులో ఎన్ని స్వరాలు ఇముడుతున్నాయో లెక్కపెట్టమనండి. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ఆయన పాఠం చెప్పారు. ఆ వారసత్వమున్న నేల మీద కమానుకు రెండు నెలలు కేటాయించలేమా?

శ్రుతి విషయం దుకాణంలో చెప్పేవాళ్లు తక్కువ. మామూలుగా దొరికే తీగల సెట్టు పాశ్చాత్య శ్రుతికి తగినట్టు చేసింది. మనం స-ప-స-ప అని కలుపుకుంటాం. ఐదు శ్రుతికి (పాశ్చాత్యుల G) కలిపితే మంద్రం వైపు రెండు తీగలు వాటి సొంత స్థాయిలోనే ఉంటాయి, పై రెండూ ఒక్కో స్వరం దిగుతాయి. అదే సెట్టును ఒకటి శ్రుతికి (C) దించితే మంద్ర షడ్జం తీగ బాగా వదులైపోతుంది. కమాను ఆనగానే శ్రుతి చెదురుతుంది. ఇందులో పిల్ల తప్పేమీ లేదు. తక్కువ శ్రుతే కావాలంటే లావు తీగలు వేయించుకోవాలి.

ఎడమ చేతి వేళ్ల మీద తీగ గాటు లోతుగా పడుతుంటే రెండు చూడండి. ఒకటి, వేలు అవసరానికి మించి నొక్కుతోందేమో. నాదం మసకబారేదాకా పట్టు సడలించి, అక్కడినుంచి ఒక్క పిసరు పెంచితే సరైన ఒత్తిడి దొరుకుతుంది. రెండు, బ్రిడ్జి ఎత్తు. నిండు సైజు వయొలిన్‌లో ఫింగర్ బోర్డు చివర సన్న తీగ కింద 3 మిల్లీమీటర్లు, లావు తీగ కింద 5 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. చవక వాద్యాల్లో ఇది బాగా ఎక్కువగా ఉండొచ్చు. పనితెలిసిన వాళ్ల చేత అరగదీయించాలి, ఇంట్లో చాకుతో చెక్కకూడదు.

రోజిన్ (కమాను వెంట్రుకలకు పట్టించే గుగ్గిలం బిళ్ల) రోజుకు ఒకసారి, మూడు నాలుగు రుద్దులు రుద్దితే సరిపోతుంది. తీగ మీద తెల్లటి పొడి పేరుకుంటే నాదం గరుకవుతుంది, పొడి గుడ్డతో తుడవాలి. నూనె చేతులు కమాను వెంట్రుకలకు తగలనివ్వకండి. వాయించడం అయ్యాక కమాను మర వదులు చేయాలి.

సాధన ఏకబిగిన గంట వద్దు, 15 నిమిషాలు చొప్పున రెండు పూటలు మేలు. వేళ్లు తిమ్మిరెక్కినా, మెడ నొప్పి మర్నాటికీ తగ్గకపోయినా ఆపి, కూర్చునే తీరు మళ్లీ చూడాలి.

విదేశాల్లో ఉండి ఆన్‌లైన్‌లో నేర్చుకునే మన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. కెమెరా ముఖానికి ఎదురుగా పెడితే గురువుకు కమాను కనబడదు. కుడి పక్కన, బ్రిడ్జి ఎత్తులో పెట్టండి. యాప్‌లో చప్పుడు తగ్గించే సెట్టింగు ఆపేయండి. అది సాగే స్వరాన్ని కూడా ఫ్యాను హోరు అనుకుని మింగేస్తుంది, అప్పుడు గురువు దిద్దాల్సిన నాదం గురువు చెవిన పడనే పడదు.

— కొందరు వయొలిన్ ఉపాధ్యాయులు, విజయనగరం