మంత్రిగారూ, 40 నిమిషాల్లో ఏ నిరూపణ తెములుతుంది?

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రివర్యులకు,
చెన్నై.

నమస్కారం. హైస్కూలు పిల్లల ఉన్నత గణిత కార్యక్రమం గురించి తమరికి కొత్తగా చెప్పేదేముంది, ప్రారంభించింది తమరే. అర్జీలు పెట్టాం. రసీదులు ఉన్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి నలుగురి ముందూ అడుగుతున్నాం: ఈ కార్యక్రమానికి ప్రతి శనివారం ఇస్తామని మాటిచ్చిన మూడు గంటలు ఏమయ్యాయండీ?

వాటి బదులు వారానికి నాలుగు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు అని సర్క్యులర్ వచ్చింది. కూడితే 160, తగ్గింది 20 నిమిషాలేగా అంటున్నారు. కూడికలో తప్పు లేదు లెండి.

ఆ 40 నిమిషాల్లో ఏం జరుగుతుందో చూడండి. 1 నుంచి 100 వరకు సంఖ్యల్లో ఏ 51 తీసుకున్నా, వాటిలో ఒకటి ఇంకొకదాన్ని నిశ్శేషంగా భాగించి తీరుతుందని నిరూపించాలి. హాజరు వేసి, లెక్క బుర్రకెక్కేసరికి పది నిమిషాలు. పిల్లలు నాలుగైదు ఉదాహరణలు చూసి ‘కనుక నిరూపించడమైనది’ అని గీత గీసేస్తారు. అది నిరూపణ కాదని మనం చెప్పకూడదు, వాళ్లచేతే అనిపించాలి. 50 తీసుకున్నా ఇంతేనా అని అడగాలి. 51 నుంచి 100 దాకా రాసుకుని, ఇందులో ఏదీ దేన్నీ భాగించదని ఎవరో ఒకరు పట్టేస్తారు. అసలు తంటా అప్పుడు మొదలు. ప్రతి సంఖ్యనూ 2తో పోయినంతవరకు భాగిస్తే చివరికి బేసి సంఖ్య మిగులుతుంది. 3, 6, 12, 24, 48, 96 అన్నిటికీ మిగిలేది 3 కనుక అన్నీ ఒకే గూటివి. బేసి సంఖ్యలు 50, గూళ్లూ 50, తీసుకున్నవి 51. ఒక గూట్లో రెండు పడక తప్పదు, వాటిలో చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది. ఈ గూళ్ల ఆలోచన తట్టడానికి ఒకరికి అరగంట, ఇంకొకరికి గంటన్నర. సరిగ్గా 2తో భాగించడం మొదలెట్టే వేళకు బెల్లు కొడతారు, సైన్సు మాస్టారు గుమ్మంలో నిలబడి ఉంటారు. మర్నాడు మళ్లీ ఉదాహరణల దగ్గర్నుంచే. పొంగు రాకముందే పొయ్యి ఆర్పి, చల్లారాక మళ్లీ పాలు ఎక్కించడం ఇది.

బెల్లుకు జడిసి కొందరు టీచర్లు జవాబు బోర్డు మీద రాసేస్తున్నారు. వాళ్లనేమంటాం? గణిత ఒలింపియాడ్‌కు తొలి మెట్టు పరీక్ష ఐఓక్యూఎంలో 30 ప్రశ్నలు, 3 గంటలు, జవాబుకు ఒక సంఖ్య చాలు, ఎలాగో నెట్టుకు రావచ్చు. తర్వాతి మెట్టు, ప్రాంతీయ ఒలింపియాడ్ ఆర్‌ఎంఓలో అవే 3 గంటలకు 6 లెక్కలు, నిరూపణ మొత్తం రాయాలి. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లోనైతే రోజుకు 3 లెక్కలకు నాలుగున్నర గంటలు. ఒక లెక్క పట్టుకుని అరగంట కూడా కూర్చోనివ్వని పిల్లల్ని ‘పతకాలేవీ?’ అని అడగడం భావ్యమేనా?

స్మార్ట్ బోర్డు పంపారు, ధన్యవాదాలు. దాని ముందు ఒక్కరే నిలబడగలరు. నలుగురైదుగురు పక్కపక్కన రాసుకుని ఒకరి తప్పు ఒకరు పట్టుకోవడానికి నల్లబల్లలు కావాలి. మూలన పడేసిన పాతవి ఇప్పించినా మహాప్రసాదం.

ఇక దిద్దుబాటు. 30 మంది, తలా 3 నిరూపణలు, ఒక్కోదానికి 10 నిమిషాలు వేసుకుంటే వారానికి 15 గంటలు. తర్కం ఏ వాక్యంలో తెగిందో వెతికి పక్కన రాయాలి, టిక్కు కొట్టి వదిలే పని కాదు. ఈ గంటలు డ్యూటీ కింద రావట. ఓటర్ల జాబితా పనైతే వస్తాయి!

చెన్నై గణిత సంస్థ సిరుసేరిలో ఉంది, గణిత శాస్త్రాల సంస్థ తరమణిలో ఉంది. అక్కడి పరిశోధక విద్యార్థుల్ని పిలుద్దామంటే, 40 నిమిషాల పీరియడు కోసం ఊరికి దక్షిణ శివారున ఉన్న సిరుసేరి నుంచి ఉత్తరాన ఉన్న చాకలిపేటకు ఎవరొస్తారు సార్? డిసెంబరు 22న రామానుజన్ పటానికి దండ వేసే సభకు మాత్రం పూటంతా దొరుకుతుంది. ఆ రోజు టైంటేబుల్ ఏమీ అడ్డురాదు.

మాకు కమిటీ వద్దు, సమీక్షా సమావేశం వద్దు. శనివారం 9 నుంచి 12 దాకా ఒక గది, కాసిని నల్లబల్లలు, దిద్దే గంటలకు డ్యూటీలో లెక్క. కనీసం ఆ గది. తాళంచెవి ఇవ్వమని ఒక ముక్క రాసి పంపండి, మిగతావి తర్వాత అడుక్కుంటాం.

ఇట్లు,
చెన్నైలో గణితం చెప్పే తెలుగు ఉపాధ్యాయులు