వేలిముద్ర ఒకరిది, పొలం మరొకరిది

సంపాదకులకు నమస్కారం.

అసలు యజమాని స్థానంలో మరొకరిని నిలబెట్టి భూములు రిజిస్టర్ చేయించే మోసాల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. తిరుపతిలో ప్రైవేటు పరిశోధకుడిగా పనిచేస్తూ అటువంటి వ్యవహారం లోపలిదాకా వెళ్లి చూసినవాడిగా, ఎవరూ పట్టించుకోని ఒక లోటును మీ దృష్టికి తెస్తున్నాను.

చంద్రగిరి వైపు ఉన్న తన తండ్రి పొలం ఈసీలో, అంటే ఆ భూమిపై నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో, ఎవరిదో కొత్త పేరు చేరిందని, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒకావిడ నా దగ్గరకు వచ్చారు. దస్తావేజు నకలు తీయించి చూస్తే పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ ఆ పెద్దాయనవే, ఫొటో మాత్రం ఎవరిదో. అంతకన్నా గట్టి సాక్ష్యం ఆ పక్కనే ఉంది. వయసులో ఉండగా చెరకు గానుగలో పడి ఎడమ బొటనవేలు సగానికి పోగొట్టుకున్న మనిషి పేరిట, గీతలన్నీ స్పష్టంగా తెలిసేలా నిండైన ఎడమ బొటనవేలి ముద్ర పడి ఉంది.

ఫొటోలోని వ్యక్తి తమిళనాడు సరిహద్దు ఊళ్లో వేరే పేరుతో బతుకుతున్నాడని తెలుసుకున్న కొద్ది రోజులకే, రాత్రివేళ ఇద్దరు నా బండికి అడ్డం వచ్చి, నా బిడ్డ చదివే బడి పేరు చెప్పి, ‘ఈ పని ఇడిసిపెట్టబ్బా’ అన్నారు. ఫిర్యాదు చేయబోతే ముందుగా ఎదురైన ప్రశ్న ‘ఆ కాగితాలు నీ దగ్గరెందుకున్నాయి?’ అని. అడిగిన అధికారిని తప్పుపట్టను. చూపడానికి నా దగ్గర లైసెన్సు లేదు, ఉండదు కూడా.

సెక్యూరిటీ గార్డులను పెట్టే ఏజెన్సీలకు 2005లోనే చట్టం వచ్చింది. డిటెక్టివ్ ఏజెన్సీల కోసం 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు మాత్రం నేటికీ చట్టం కాలేదు. అందువల్ల దొంగచాటుగా కాల్ రికార్డులు సంపాదించి అమ్ముకునేవాడికీ, సాక్ష్యాన్ని న్యాయస్థానం దాకా చేర్చాలని తాపత్రయపడేవాడికీ తేడా చెప్పే ఆధారమేదీ ప్రజల చేతిలో లేదు. రేపు ఇటువంటి మోసగాడే కొడుకునంటూ మాలాంటి పరిశోధకుల దగ్గరకు వచ్చి ఒక వృద్ధుడి వివరాలు సేకరించమంటే, అతను నిజంగా ఎవరో విచారించి తీరాలన్న నిబంధన కూడా లేదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

శిక్షలకు కొదవ లేదు. మారుపేరుతో రిజిస్ట్రేషన్ చేయిస్తే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. కానీ గుర్తుపట్టే సాక్షులనూ మోసగాళ్లే వెంటబెట్టుకొస్తున్నప్పుడు, అసలు మనిషెవరో బయటపెట్టే పని ఎవరో ఒకరు చేయాలి కదా. పరిశోధకులకు లైసెన్సు, పని అప్పగించేవారి గుర్తింపును సరిచూసి నమోదు చేసే బాధ్యత, హద్దు మీరితే శిక్ష, ఈ మూడూ ఉండేలా ఆ బిల్లును మళ్లీ సభ ముందుకు తేవాలని తిరుపతి, చిత్తూరు పార్లమెంటు సభ్యులను కోరుతున్నాను.

— ఒక ప్రైవేటు పరిశోధకుడు, తిరుపతి