బారో నదిపై మా పడవలు: ఈ సీజన్‌లో జరిగినవి, వచ్చే ఏడాది మారబోయేవి

ఆత్మీయులైన ప్రయాణికులకు నమస్కారం.

ఐర్లాండ్‌లో పెద్దగా పేరు వినిపించని నదులనూ కాలువలనూ చిన్న పడవల్లో చూపించే ఈ పని మొదలుపెట్టి మొన్నటి వేసవికి నాలుగేళ్ళు నిండాయి. సెప్టెంబరు చివరి వారంలో మా రెండు పడవలనూ ఒడ్డుకు లాగించి, అడుగుభాగాలు కడిగించి, ఏడాది లెక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీ దగ్గర ఒప్పుకున్న 41 ప్రయాణాల్లో 9 రద్దయ్యాయి. మరో మూడింటిని సగం దారిలోనే వెనక్కి తిప్పాను. రద్దయిన వాటికి డబ్బు తిరిగి ఇవ్వడంలోనూ ఆలస్యం జరిగింది. కొన్ని కుటుంబాలు మూడు వారాలు ఎదురుచూడవలసి వచ్చింది. వీటిలో వాన వల్ల జరిగినది ఎంత, నా ముందుచూపు లోపం వల్ల జరిగినది ఎంత అన్నది మీకు విడమరచి చెప్పవలసిన బాధ్యత నాది. వచ్చే ఏడాది ధర ఎందుకు పెంచుతున్నానో, ఏ దారులు మానుకుంటున్నానో కూడా ఇందులోనే రాస్తున్నాను.

ఈ దేశంలో పడవ ప్రయాణం అనగానే అందరూ షానన్ పేరే చెబుతారు. మేము బారోను ఎంచుకున్నాం. స్లీవ్ బ్లూమ్ కొండల్లో పుట్టి 192 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది పొడవులో షానన్ తర్వాతిదే అయినా, డబ్లిన్‌లో పదేళ్ళుగా ఉంటున్నవారు సైతం దాని ఒడ్డున ఒక్క పూట గడపలేదని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. డబ్లిన్‌ను షానన్ నదితో కలిపే గ్రాండ్ కెనాల్ నుంచి లోటౌన్ దగ్గర చీలిన కాలువ 1791లో అథై పట్టణాన్ని చేరింది. అక్కడ కాలువ ముగిసి పడవ నదిలోకి దిగుతుంది. కార్లో, లాక్లిన్‌బ్రిడ్జ్, బాగెనల్స్‌టౌన్, గోర్స్‌బ్రిడ్జ్, గ్రెగ్‌నమానా మీదుగా సెయింట్ మలిన్స్ దాకా సుమారు 68 కిలోమీటర్ల దారిలో 23 లాకులు, అంటే పడవను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి మార్చే తలుపుల తొట్లు, దాటుతుంది. సెయింట్ మలిన్స్ దాటితే నీరు సముద్రపు ఆటుపోట్లకు లోబడి ఉంటుంది కాబట్టి మా పడవలు అక్కడితో ఆగిపోతాయి. ఇంకాస్త ముందుకు తీసుకువెళ్ళమని ఈ ఏడాది కూడా కొందరు అడిగారు. మా పడవలు ఆ నీటికి తగినవి కావు, ఈ విషయంలో నా మాట మారదు.

ప్రయాణాలు ఎందుకు రద్దయ్యాయో అర్థం కావాలంటే బారో స్వభావం కొంచెం తెలియాలి. ఇది పూర్తిగా కాలువ కాదు, పూర్తిగా నదీ కాదు. నదికి అడ్డంగా అక్కడక్కడా తక్కువ ఎత్తు ఆనకట్టలు కట్టి నీటిని నిలబెట్టారు. ఆనకట్ట దగ్గర పక్కనుంచి ఒక చిన్న కాలువ తవ్వి, పడవను కింది మట్టానికి దించడానికి దానిలో లాకు కట్టారు. అంటే పడవ ఆనకట్టకు కొంత ఎగువనే నదిని వదిలి ఆ కాలువ నోట్లోకి తిరగాలి. నీరు నెమ్మదిగా ఉన్న రోజున పదేళ్ళ పిల్లవాడి చేతికి చుక్కాని ఇచ్చినా ఆ మలుపు తిప్పగలడు. కొండల్లో వాన పడి ప్రవాహం పెరిగిన రోజున మాత్రం నీటి జోరంతా ఆనకట్ట వైపే లాగుతుంది, మలుపు దగ్గర ఇంజను బలం చాలకపోతే పడవ ఆనకట్ట మీదికి అడ్డంగా కొట్టుకుపోతుంది. దీనిలో మరో చిక్కు ఏమిటంటే, వాన పడేది ఎగువన, నీరు వచ్చేది ఆ తర్వాత. అందుకే మేము బయలుదేరే గ్రెగ్‌నమానా రేవులో చక్కని ఎండ కాస్తున్న ఉదయాన కూడా నది పడవ నడవడానికి వీలుగా ఉండకపోవచ్చు.

జులైలో ఒక శనివారం సరిగ్గా ఇదే జరిగింది. డబ్లిన్ నుంచి రెండు కుటుంబాలు పులిహోర, పెరుగన్నం కట్టుకుని, తెల్లవారకముందే పిల్లలను లేపుకుని బయలుదేరాయి. నేను ఉదయం ఆరింటికి రద్దు సందేశం పంపాను. అప్పటికే వారు దారిలో ఉన్నారు. ఎండ కాస్తుంటే రద్దు ఏమిటని వారు అడిగిన ప్రశ్నలో తప్పు లేదు. నది పెరుగుతున్నదని ముందురోజు సాయంత్రమే నాకు తెలుసు. రాత్రికి తగ్గుతుందేమోనన్న ఆశతో, ఒక రోజు ఆదాయం పోతుందన్న భయంతో నిర్ణయాన్ని వాయిదా వేశాను. రద్దు చేయడం సరైనదే, దాన్ని ఆ వేళకు చెప్పడం మాత్రం నా పొరపాటు. ఇకపై నిర్ణయం ముందురోజు సాయంత్రం ఆరు గంటలకే చెబుతాను. మేము బయలుదేరే చోట లాకు పక్కన రాతి మెట్లు ఉన్నాయి. నీరు మూడో మెట్టును ముంచితే మరుసటి రోజు ప్రయాణం ఉండదు. రాత్రికి రాత్రి నీరు తగ్గినా సరే, ఒకసారి రద్దు అన్నాక అది రద్దే.

రెండో విషయం ఇంకా బరువైనది. ఆగస్టులో గోర్స్‌బ్రిడ్జ్‌కు దిగువన ఒక లాకులో పడవ దిగుతున్నప్పుడు జరిగినదాన్ని ఆ రోజు పడవలో ఉన్నవారు మరచిపోయి ఉండరు. లాకులో దిగేటప్పుడు పడవ తాడును ఒడ్డున ఉన్న గుంజకు ఒక్క చుట్టు తిప్పి, కొస చేతిలో పట్టుకుని, నీరు తగ్గే కొద్దీ వదులుతూ రావాలి. ఆ రోజు తాడు పట్టుకున్న ప్రయాణికుడు అది జారిపోతుందేమోనని జాగ్రత్త కొద్దీ దాన్ని గట్టిగా ముడి వేశారు. నేను లాకు తాళంచెవితో, అంటే తూములు ఎత్తే ఇనుప పనిముట్టుతో, ఒడ్డున నిలబడి లాకులోని నీటిని బయటికి వదిలే కింది తూములు ఎత్తుతున్నాను. నీరు ఒక మూర దిగేసరికి తాడు బిగుసుకుని, పడవ ముందుభాగం గోడకు వేలాడినట్టయి, లోపల పొయ్యి మీది కెటిల్ జారి నేల మీద పడింది. కేక వినగానే తూములు దించి, పైతూముల వైపు పరుగెత్తి, లాకులోకి మళ్ళీ నీరు వదిలాక గానీ ముడి వదులు కాలేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు, మరుగుతున్న నీళ్ళు ఎవరి మీదా పడలేదు. ఒక పాప మాత్రం ఆ తర్వాత సాయంత్రం దాకా అమ్మ కొంగు వదలలేదు.

ముడి వేసిన ఆయన నాకు రెండుసార్లు క్షమాపణ చెప్పారు. నిజానికి క్షమాపణ చెప్పవలసినది నేను. తాడు ఎలా పట్టుకోవాలో బయలుదేరే ముందు గబగబా చెప్పాను గానీ చేయించి చూపలేదు. అంతకంటే ముఖ్యంగా, పడవ మీద ఒక మనిషి, లాకు గట్టు మీద ఒక మనిషి ఉండవలసిన పనిని నాలుగేళ్ళుగా నేను ఒక్కణ్ణే చేస్తూ వచ్చాను. బారో మీద లాకులను పడవవాళ్ళే చేత్తో తిప్పుకోవాలి. నేను గట్టు మీద ఉన్నంతసేపూ పడవలో పని తెలిసినవారు ఎవరూ ఉండరన్నమాట. వచ్చే ఏడాది నుంచి ప్రతి పడవలోనూ దాన్ని నడిపే సరంగుతో పాటు పని నేర్చిన కళాసి ఒకరు తప్పకుండా ఉంటారు, ఆరుగురికి మించి ప్రయాణికులను ఎక్కించం. పదహారేళ్ళ లోపు పిల్లలు డెక్ మీద ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకోవాలన్నది ఇక్కడి చట్టం. మా పడవల్లో పెద్దలు కూడా లాకు దాటేటప్పుడు వేసుకోవాలన్నది ఇకపై మా నియమం.

ధర పెరగడానికి అసలు కారణం ఈ రెండో మనిషి జీతమే. ఒక రోజు ప్రయాణం పెద్దలకు 85 యూరోల నుంచి 105 యూరోలు అవుతుంది. పిల్లల ధర 40 యూరోలు మారదు. బీమా ఖర్చు కూడా పెరిగింది గానీ ఆ పెరుగుదలను మీ మీద వేయడం లేదు.

ఇన్ని ఇబ్బందులు రాశాక, ఈ పని ఎందుకు కొనసాగిస్తున్నానో చెప్పే ఒక మధ్యాహ్నం గురించి కూడా రాయాలి. జూన్‌లో అమలాపురం దగ్గరి పల్లె నుంచి మనవలను చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన మా పడవ ఎక్కారు. గ్రెగ్‌నమానా దిగువన మొదటి లాకు దగ్గర పడవ ఆగగానే ఆయన ఎవరి సాయమూ లేకుండా గట్టు మీదికి దిగి, తలుపును తిప్పే పొడవాటి దూలాన్ని అరచేత్తో తడిమి, "ఇది మన లాకేనయ్యా" అన్నారు. తర్వాత దూలానికి వీపు ఆనించి, నెట్టేవారి కాళ్ళు జారకుండా గట్టు మీద పొడుచుకు వచ్చేలా వేసిన రాళ్ళకు మడమలు తన్నిపెట్టి నిలబడ్డారు. మనవడు తొందరపడి నెట్టబోతే ఆపి, అటూ ఇటూ నీళ్ళు సమానమయ్యేదాకా ఎంత బలం పెట్టినా తలుపు కదలదనీ, సమానమైతే దానంతటదే దారి ఇస్తుందనీ చెప్పారు. నేను పర్యాటకులకు రోజూ చెప్పే మాటే అది. ఆయన నోట విన్నప్పుడు మాత్రం మరోలా వినిపించింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో విస్తరించిన కాలువలు పొలాలకు నీళ్ళతో పాటు పడవలకు దారి కూడా ఇచ్చాయి. ధాన్యం, కొబ్బరికాయలు పడవల మీద వెళ్ళడం, గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం ఆయన చిన్నతనంలో చూశారట. మరి ఇక్కడ ఏం మోసేవారని నన్ను అడిగారు. ఇక్కడి కాలువలు పంటల కోసం తవ్వినవి కావు, సరుకు కోసం తవ్వినవని చెప్పాను. మాల్టు, బార్లీ, ఆ తర్వాతి రోజుల్లో 1926లో మొదలైన కార్లో చక్కెర ఫ్యాక్టరీకి బీటు దుంపలు ఈ నీటి మీదే వెళ్ళేవి. 1960తో గ్రాండ్ కెనాల్ మీద సరుకు పడవలు ఆగిపోయాయి. ఫ్యాక్టరీ కూడా 2005లో మూతపడింది. అప్పట్లో గుర్రాలు పడవలను లాగిన గట్టు దారి మాత్రం పచ్చగడ్డి పరుచుకుని ఇప్పటికీ నది వెంట ఉంది. ఆ రోజు ఆ కుటుంబంలో సగం మంది సెయింట్ మలిన్స్ దాకా ఉన్న ఆరేడు కిలోమీటర్లూ ఆ గట్టు మీద నడిచారు, మిగతావారు పడవలో వచ్చారు. పడవ కంటే నడిచినవారే ముందు చేరారు.

ఇక మేము పడవలు నడిపే మరో దారి, షానన్-ఎర్న్ జలమార్గం సంగతి. లీట్రిమ్ గ్రామం నుంచి ఎగువ ఎర్న్ సరస్సు దాకా 63 కిలోమీటర్లు, 16 లాకులు. 1860లో పూర్తయిన ఈ కాలువలో తొమ్మిదేళ్ళలో సుంకం చెల్లించి నడిచినవి ఎనిమిది పడవలేనని చరిత్ర చెబుతుంది. 1869లో వదిలేసిన దాన్ని పునరుద్ధరించి 1994లో తెరిచారు. ఇక్కడ లాకులు కార్డు పెట్టి మీటలు నొక్కితే పనిచేస్తాయి కాబట్టి పెద్దవయసువారికి బారో కంటే ఇదే సుఖంగా ఉంటుంది. అయితే బాలికానెల్ దాటాక ఈ దారి పట్టుకునే వుడ్‌ఫర్డ్ నదే కొంత దూరం దేశ సరిహద్దు. అటువైపు ఉత్తర ఐర్లాండ్, అంటే బ్రిటన్ పాలనలో ఉన్న భూమి. నీటి మీద గేటూ లేదు, చెక్‌పోస్టూ లేదు. అయినా భారత పాస్‌పోర్టుతో, ఐర్లాండ్ నివాస అనుమతి కార్డు మీద ఇక్కడ ఉంటున్నవారు అటువైపు వెళ్ళాలంటే బ్రిటన్ వీసా ఉండి తీరాలి. ఇక్కడి నివాస కార్డు దానికి బదులు కాదు. ఈ విషయాన్ని నేను బుకింగ్ సమయంలోనే స్పష్టంగా చెప్పి ఉండవలసింది. చెప్పకపోవడం వల్ల, వెనక్కి తిప్పిన మూడు ప్రయాణాల్లో రెండింటిని బాలికానెల్ రేవు నుంచే మళ్ళించవలసి వచ్చింది, ఎర్న్ సరస్సు చూడాలని వచ్చినవారు దాన్ని చూడకుండానే ఇంటికి వెళ్ళారు. ఎవరూ చూడరులే, పదండి అని ఆ రోజు పడవలోనే ఒకరు అన్నారు. మీ ఉద్యోగాలూ, మీ పిల్లల పౌరసత్వ దరఖాస్తులూ ముడిపడి ఉన్న విషయంలో నేను అలాంటి సాహసం చేయను. వచ్చే ఏడాది ఈ ప్రయాణం లీట్రిమ్‌లో మొదలై, స్కర్ సరస్సు, కెష్‌కారిగన్, బాలినమోర్ మీదుగా బాలికానెల్‌లోనే ముగుస్తుంది. ప్రకటనలో ఎర్న్ పేరు ఉండదు.

రాయల్ కెనాల్ ప్రయాణాన్ని మానేస్తున్నాను. 1961లో మూతపడి, స్వచ్ఛంద కార్యకర్తల దశాబ్దాల శ్రమ తర్వాత 2010లో మళ్ళీ తెరుచుకున్న ఆ కాలువంటే నాకు ఎంతో గౌరవం. కానీ 146 కిలోమీటర్లు, 46 లాకులు ఉన్న దారిని వారాంతపు రెండు రోజుల్లో రుచి చూపిస్తానని చెప్పడం సరికాదు. వేసవిలో నాచు ప్రొపెల్లర్‌కు చుట్టుకుని గంటకోసారి ఆగవలసి రావడంతో ప్రయాణికులు చూసింది కాలువ కంటే మా చేతుల్లోని కత్తినే ఎక్కువ.

రద్దయిన ప్రయాణాల డబ్బు ఇంకా అందనివారు నలుగురు ఉన్నారు. వారికి నవంబరు 15 లోపల పూర్తి మొత్తం చేరుతుంది, విడిగా సందేశం కూడా పంపాను. ఎర్న్ చేరని రెండు ప్రయాణాలవారికి సగం డబ్బు తిరిగి ఇస్తున్నాను. దానికి బదులుగా మరో ప్రయాణం కావాలంటే పాత ధరకే ఇస్తాను. ఇకపై మా వైపు నుంచి రద్దయితే ఐదు పనిదినాల్లో మొత్తం తిరిగి వస్తుంది.

చలికాలంలో పెద్ద పడవ చుక్కాని కడ్డీ మార్పించాలి, చిన్న పడవకు పొయ్యి చుట్టూ కెటిల్ జారకుండా ఇనుప పట్టీ వేయించాలి. కళాసి పనికి ఇద్దరు ఒప్పుకున్నారు. వారికి మార్చిలో ఖాళీ లాకుల మీద శిక్షణ ఇస్తాను. బుకింగులు ఫిబ్రవరి మొదటి వారంలో మొదలవుతాయి. మూడో మెట్టు పొడిగా ఉంటే, మొదటి పడవ ఏప్రిల్ చివరి శనివారం ఉదయం పదింటికి గ్రెగ్‌నమానా రేవు నుంచి బయలుదేరుతుంది.