వారానికి ఒక గంట మాట

జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారికి నమస్కారం.

మా అక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే జబ్బు. కోనసీమలో కాలువ గట్టు పక్కన ఇల్లు. కొబ్బరి ఈనెలు తీస్తుంటే చేతిలోంచి కత్తి జారిపోతుంది, వేళ్లకు స్పర్శ ఆనదు. మధ్యాహ్నానికే ఒళ్లు బరువెక్కుతుంది. చూసేవాళ్లు "బాగానే ఉన్నావు కదమ్మా" అంటారు. ఆ మాటకే ఆమె ఎక్కువ కుంగిపోతుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యంగా గుర్తించింది. మందులు జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గిస్తాయి, మనసులోని భయాన్ని కాదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, కొద్ది వారాల్లోనే దిగులును, అలసటను తగ్గించగలదని పరిశోధనలు చూపాయి. అది ఫోనులోనూ సాధ్యమే. వైద్యం కోసం కాకినాడ వెళ్లొస్తే అక్క రెండు రోజులు మంచం దిగలేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 ఉంది, మంచిదే. కానీ ఆమెకు ప్రతి వారం తన కథ తెలిసిన గొంతే వినపడాలి.

అమలాపురంలో శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌ను వారానికి ఒక రోజైనా ఇలాంటి వారికోసం కేటాయించండి.

ఇట్లు,
ఒక తమ్ముడు