అమ్ములుకు, పోస్టర్ ఫోటోల గురించి

చి.ల.సౌ. అమ్ములుకు నాన్న ఆశీర్వదించి రాయునది,

ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ ఎత్తడం లేదు, ‘ఎడిటింగ్‌లో ఉన్నా’ అని మెసేజ్ మాత్రం పెడుతున్నావు. మీ అమ్మ టెన్షన్ పడుతోంది. మీ సినిమా పోస్టర్‌కి, కాలేజీ పత్రిక కవర్‌కి అని నువ్వు పంపిన ఫోటోలు చూశాను, వాటి గురించి రాద్దామని కూర్చున్నాను.

పోస్టర్‌కి నువ్వు తీసిపెట్టినవన్నీ సినిమాలోంచి తీసిన ఫ్రేములే. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీసేటప్పుడు షట్టర్ దాదాపు 1/50 సెకను దగ్గర ఉంటుంది, చెయ్యి కదిలితే చాలు చెదిరిపోతుంది. తెర మీద అది తెలియదు, కాగితం మీద తెలుస్తుంది. పైగా ఆ ఫ్రేము 1920 బై 1080 పిక్సెళ్లు. ఏ4 సైజు కవర్‌కి 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 2480 బై 3508 కావాలి. నిలువుగా కత్తిరిస్తే ఇంకేం మిగులుతుంది? పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, 1967లో బాపు గారి సినిమాతో మొదలుపెట్టిన పోస్టర్ డిజైనర్ ఈశ్వర్ గారి పోస్టర్లు చూడు. ఆ రోజుల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్ విడిగా ఉండేవాడు. మీ యూనిట్‌లో స్టిల్స్ తీసినవాళ్లు ఎవరూ లేరా? శ్రావణి అన్నయ్య కెమెరా తెచ్చాడన్నావు కదా.

శ్రావణి అంటే గుర్తొచ్చింది. మీరిద్దరూ మాట్లాడుకోవడం లేదని, కవర్ ఫోటో దగ్గరే మాట పెరిగిందని బుజ్జి పిన్ని ఎవరో చెప్పగా విందట. విన్న మాటలు నేను పట్టించుకోను. ఆ కవర్ ఫోటో మాత్రం మళ్లీ తీసి చూశాను. షాట్ అయిపోయాక శ్రావణి మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నది. అది నటన కాదు. నువ్వు పంపినవాటిలో అంత మంచి ఫోటో ఇంకొకటి లేదు, పత్రిక పేరు వేయడానికి తల పైన చోటు కూడా ఉంది. అయినా ఆ పిల్లను అడిగావా?

గాంధీ చౌక్‌లో మా గురువుగారి దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకావిడ పాస్‌పోర్ట్ సైజు ఫోటోకి వచ్చింది, చంకలో పిల్లాడు. లైట్లు సర్దుతుంటే వాడు లైటుకి కట్టిన గొడుగు చూసి కేరింతలు కొట్టాడు, ఆవిడ నవ్వింది. గురువుగారు కెమెరా నొక్కేశారు. 12 బై 15కి పెద్దది చేశాం. చూసినవాళ్లంతా షోకేసులో పెట్టండి అన్నారు, నేనూ అన్నాను. ఆయన సొరుగులో బోర్లా పెట్టి, ఆవిడ కాపీలకు వచ్చినప్పుడు తీసి చూపించి అడిగారు. ఆవిడ చాలాసేపు చూసింది. “మా ఆయన పోయి ఏడాది కాలేదండీ, నలుగురూ చూస్తే బాగుండదు” అంది. గురువుగారు నెగెటివ్ కత్తిరించి, ప్రింటుతో కలిపి కవర్లో పెట్టి ఇచ్చేశారు, డబ్బు తీసుకోలేదు. ఆ షోకేసులో నేను పనిచేసినన్నాళ్లూ ఓ పెళ్లి జంట ఫోటోనే ఉంది, మామూలు ఫోటో.

సినిమాలో నటిస్తానని ఒప్పుకున్న పిల్ల, తను ఏడుస్తున్న ముఖం పత్రిక మీద వేయడానికి ఒప్పుకున్నట్టు కాదమ్మా. కాలేజీ అంతా పంచుతారు, వాళ్ల ఇంటికీ వెళ్తుంది. అడుగు. వద్దంటే మానెయ్. కిటికీ దగ్గర వెనక నుంచి తీసిన ఫోటో ఉంది, టైటిల్‌కి కుడివైపు బోలెడు ఖాళీ. అది పోస్టర్‌కే కాదు, కవర్‌కీ సరిపోతుంది.

ఏది ఖాయం చేసినా ఫోన్‌లో తపాలా బిళ్లంత చేసి చూడు, అప్పటికీ విషయం తెలియాలి. రాత్రి సీన్లు అచ్చులో ఇంకా నల్లబడతాయి, ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, తీయించకుండా ప్రెస్సుకి ఇవ్వకు. కోతకి అంచుల చుట్టూ 3 మి.మీ. ఎక్కువ వదులు. నాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు, లేకపోతే నలిగిపోయి వస్తోంది.

రాత్రుళ్లు మేలుకుని టీలతో కడుపు నింపుకోకు. కళ్లద్దాలు మార్చావా? ఆదివారం వెంకట్ మామయ్య హైదరాబాద్ వస్తున్నాడు, అమ్మ సున్నుండలు పంపుతోంది. డబ్బాలు రెండు. మూత మీద పేరు రాసింది శ్రావణిది, నువ్వే వెళ్లి ఇచ్చిరా.

నాన్న