వీల్‌ఛైర్‌ను సూట్‌కేసుతో సమానం చేసిన నిబంధన మార్చాలి

సంపాదకులకు నమస్కారం.

విమాన ప్రయాణంలో వికలాంగులు పడే కష్టాలు పత్రికల్లోకి ఎక్కేది ఎవరికైనా నలుగురిలో ఘోరమైన అవమానం జరిగినప్పుడే. 2012 ఫిబ్రవరిలో కోల్‌కతా నుంచి గోవాకు బయలుదేరిన జీజా ఘోష్ గారిని, సెరిబ్రల్ పాల్సీ ఉన్న మనిషన్న కారణంతో స్పైస్‌జెట్ విమానంలోంచి దించేశారు. 2022 మేలో రాంచీలో ఇండిగో సిబ్బంది ఒక దివ్యాంగ బాలుణ్ని విమానం ఎక్కనివ్వలేదు. 2024 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా విమానంలో ముంబై చేరిన 80 ఏళ్ల పెద్దాయన, దొరికిన ఒక్క వీల్‌ఛైర్‌లో భార్యను కూర్చోబెట్టి తాను వెంట నడుస్తూ కుప్పకూలి ప్రాణం విడిచారు. మొదటి ఘటనలో సుప్రీంకోర్టు 2016లో 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. తక్కిన రెండింటిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వరుసగా 5 లక్షలు, 30 లక్షలు జరిమానా వేసింది. రాంచీ ఉదంతం తర్వాత నిబంధన కూడా మారింది. వైకల్యాన్ని సాకుగా చూపి ఎవరినీ ఆపకూడదని, ప్రయాణంలో ఆరోగ్యం దెబ్బతింటుందన్న అనుమానం ఉంటే విమానాశ్రయంలోని వైద్యుడు స్వయంగా పరీక్షించి చెప్పిన తర్వాతే నిర్ణయం తీసుకోవాలని అందులో చేర్చారు.

ఇవన్నీ జరగవలసినవే, ఇంకా జరగాలి కూడా. కానీ మనిషిని మర్యాదగా ఎక్కించి, మర్యాదగా దించి, ఆ మనిషికి కాళ్లుగా పనిచేసే కుర్చీని మాత్రం విరగ్గొట్టి చేతికిస్తే దాన్ని అడిగే నాథుడు లేడు. అది వార్త కాదు, కేసు కాదు, విమానయాన సంస్థ లెక్కల్లో అయితే దెబ్బతిన్న మరో సామాను మాత్రమే. ఈ లేఖ ఆ సంగతి గురించే.

రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిన్నప్పటి నుంచి నేను మోటారు వీల్‌ఛైర్ మీదే తిరుగుతున్నాను. కిందటేడు ఉద్యోగం పని మీద ఢిల్లీ వెళ్లి తిరిగి శంషాబాద్‌లో దిగినప్పుడు, విమానం తలుపు దగ్గరే అప్పగిస్తామని బయలుదేరేటప్పుడు చెప్పిన కుర్చీ అక్కడికి రాలేదు. విమానాశ్రయం కుర్చీలో నన్ను కింది అంతస్తుకు తీసుకువెళ్లేసరికి, అది సూట్‌కేసుల మధ్య బెల్టు పక్కన ఒక పక్కకు ఒరిగి ఉంది. చేతి ఆనుకు బిగించిన, కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ విరిగి రెండు వైర్ల మీద వేలాడుతోంది. పాదాలు పెట్టుకునే పలక లోపలికి వంగిపోయింది. కింద కంట్రోలర్ పెట్టె పగిలి, స్విచ్ వేస్తే ఎర్ర దీపం వెలిగి ఆరిపోతోంది తప్ప చక్రం కదలడం లేదు. కౌంటర్‌లోని అబ్బాయి ఎంతో మర్యాదగానే మాట్లాడాడు. కానీ అతని దగ్గరున్న ఫారంలో సామాను రకం, రంగు, కంపెనీ, లోపలి వస్తువుల వివరం అడిగే గళ్లే ఉన్నాయి. ఈ కుర్చీ లేకపోతే ఈ ప్రయాణికులు ఇంటికి ఎలా చేరుతారు, రేపు మంచం ఎలా దిగుతారు అని అడిగే గడి లేదు. అతని తప్పేమీ లేదు, అతనికి ఇచ్చిన కాగితమే అంత. కంట్రోలర్ తెప్పించి బిగించే వరకు వారాల తరబడి నేను ఇంట్లోనే, మరొకరు ఎత్తితే లేచి, మరొకరు దించితే పడుకుని గడిపాను. చివరికి ఆ సంస్థ ఇవ్వజూపిన మొత్తం మరమ్మతు ఖర్చులో చిన్న భాగానికి కూడా సరిపోలేదు. నిబంధన ప్రకారం అంతకుమించి ఇవ్వనవసరం లేదని రాతపూర్వకంగా తెలియజేశారు.

ఆ మాట నిజమే, అసలు బాధ కూడా అక్కడే ఉంది. మన దేశంలో దేశీయ ప్రయాణాల్లో సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా విమానయాన సంస్థ బాధ్యత ప్రయాణికుడికి 20,000 రూపాయలకు మించదు. పౌర విమానయాన శాఖ 2019లో విడుదల చేసిన ప్రయాణికుల హక్కుల పత్రంలోనూ ఇదే అంకె ఉంది. అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. అందులోని పరిమితిని 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లకు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్లు) పెంచారు, అంటే మన డబ్బులో 2 లక్షల లోపే. మామూలు మోటారు కుర్చీకే లక్ష రూపాయల దాకా అవుతుంది. వెన్ను నిలవని వారికి, మెడ ఆనని వారికి శరీరాన్ని కొలిచి చేయించే కుర్చీ అనేక లక్షలు. దాని విలువను నాలుగు జతల బట్టలున్న సూట్‌కేసుకు వేసిన తూకంతోనే తూచడం అన్యాయం. ముందుగా విలువ ప్రకటించి అదనపు రుసుము కడితే పరిమితి పెరుగుతుందని ఒప్పందంలో ఒక వెసులుబాటు ఉంది కానీ, అది ఉందని చెక్‌ఇన్ కౌంటర్లలో ఎవరూ చెప్పరు. చెప్పినా, మన కాళ్లను జాగ్రత్తగా తేవడానికి మనమే విడిగా డబ్బు కట్టాలన్న షరతును నేను ఒప్పుకోలేను.

డబ్బు సంగతి అలా ఉంచితే, కొత్త కుర్చీ కొనిచ్చినా తీరని నష్టం మరొకటి ఉంది. వెన్నుపూస గాయమైన వారికి నడుము కింద స్పర్శ ఉండదు. తమ కొలతకు చేసిన కుర్చీ, దాని మీద ప్రత్యేకంగా కుట్టించిన మెత్త లేకుండా గట్టి కుర్చీలో గంటల తరబడి కూర్చుంటే చర్మం కింద పుండు పడుతుంది, పడినట్టు తెలియదు కూడా. అమెరికాలో వికలాంగుల హక్కుల కోసం పనిచేసిన ఎంగ్రేసియా ఫిగెరోవా గారి కుర్చీ 2021 జూలైలో విమాన ప్రయాణంలో ధ్వంసమైంది. విమానాశ్రయంలో పాడైన మరో కుర్చీలో గంటల పాటు కూర్చోబెట్టడం వల్ల ముదిరిన పుండే ఆ అక్టోబరు నెలాఖరులో ఆమె ప్రాణం తీసిందని ఆమె సహచరులు చెప్పారు. కృత్రిమ పాదంతో నాట్యం చేసి తెలుగువారికి చిరపరిచితులైన సుధా చంద్రన్ గారు కూడా, తనిఖీ పేరిట ప్రతిసారీ కాలు విప్పమంటున్నారని 2021 అక్టోబరులో ప్రధానమంత్రికి బహిరంగంగా మొరపెట్టుకోవలసి వచ్చింది. విమానాశ్రయాల భద్రత చూసే సీఐఎస్ఎఫ్ ఆమెకు క్షమాపణ చెప్పింది. కుర్చీ విషయంలోనైనా, కాలి విషయంలోనైనా ఎదుటివారికి కనిపిస్తున్నది వస్తువే, దాని మీద ఆధారపడి బతికే దేహం కాదు.

కుర్చీలు ఎందుకు విరుగుతున్నాయో కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు మొత్తం లోడర్ల నెత్తిన రుద్దడం తేలిక. బోయింగ్ 737 విమానంలో కింది సామాను గదికి ఉండే తలుపు ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ, ఎయిర్‌బస్ ఎ320కి దాదాపు నాలుగడుగులు. వెన్ను భాగం మడవని మోటారు కుర్చీ అంతకన్నా ఎత్తుగా ఉంటుంది కాబట్టి పడుకోబెట్టి తోస్తారు. వంద కిలోలు దాటే ఆ బరువంతా జాయ్‌స్టిక్ మీదో, చేతి ఆను మీదో పడుతుంది. టికెట్ కొన్నప్పుడే కుర్చీ ఎత్తు, వెడల్పు, బరువు అడిగి, ఏ విమానంలో నిలువుగా పడుతుందో చూసి సీటు కేటాయిస్తే సగం నష్టం తప్పుతుంది. బ్యాటరీ సంగతి ఇంకా గందరగోళం. జెల్ బ్యాటరీలు కుర్చీకి బిగించే ఉంచవచ్చు. విప్పి తీయగల లిథియం బ్యాటరీ 300 వాట్ అవర్ వరకు ఉంటే దాన్ని క్యాబిన్‌లో తీసుకువెళ్లాలి. ప్రపంచమంతా ఒకటే అయిన ఈ నియమం కౌంటర్‌లో ఒకరికి తెలిస్తే గేటు దగ్గర మరొకరికి తెలియదు. గాభరాలో జెల్ బ్యాటరీ తీగలు కూడా లాగేసి, దిగిన చోట ఏ తీగ ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీని మొద్దుగా వదిలేసిన సందర్భాలు మాలో చాలామందికి అనుభవమే.

డీజీసీఏ నిబంధనల్లో మంచి మాటలకు కొదవ లేదు. వికలాంగుల విమాన ప్రయాణానికి సంబంధించి విడిగా ఒక అధ్యాయమే ఉంది. 48 గంటల ముందు తెలియజేస్తే టెర్మినల్ గుమ్మం నుంచి సీటు దాకా, దిగాక సీటు నుంచి బయటి గుమ్మం దాకా సంస్థే ఉచితంగా సాయం చేయాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. అయితే ఆ 48 గంటల ముందు మనం చెప్పింది కుర్చీ దాకా చేరదు. బుకింగ్‌లో మెట్లెక్కగలిగే వారికి డబ్ల్యుసిహెచ్ఆర్ అనీ, మెట్లెక్కలేని వారికి డబ్ల్యుసిహెచ్ఎస్ అనీ, అసలు కదలలేక సీటు దాకా తీసుకువెళ్లవలసిన వారికి డబ్ల్యుసిహెచ్‌సి అనీ గుర్తు వేస్తారు. ఈ గుర్తు మనిషి ఎంత నడవగలరో చెబుతుంది. వారి కుర్చీ ఏ రకమో, ఎక్కడ పట్టుకుని ఎత్తాలో, ఏది పట్టుకుని ఎత్తకూడదో చెప్పదు. హైదరాబాద్ నుంచి చిన్న పట్టణాలకు వెళ్లే ఏటీఆర్ అనే చిన్న విమానాల్లో ఇబ్బంది మరీ ఎక్కువ. తలుపు ఇంకా చిన్నది, విమానం తలుపుకు ఆనించే ఏరోబ్రిడ్జి ఉండదు, ర్యాంపో లిఫ్టో సిద్ధంగా లేకపోతే ఇద్దరు కుర్రాళ్లు ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద చేతులు వేసి మెట్ల మీదుగా ఎత్తుకెళతారు. వికలాంగులను ఇలా చేతులతో ఎత్తడం అమానవీయమని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులోనే వ్యాఖ్యానించింది.

నడవగలిగిన వారూ వీల్‌ఛైర్ అడుగుతున్నారని, అందుకే అవసరమైన వారికి అందడం లేదని విమానయాన సంస్థలు ఫిర్యాదు చేస్తున్నాయి. ఇందులో కొంత నిజముంది. మన హైదరాబాద్ నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఎందరో మోకాళ్లు బాగానే ఉన్నా వీల్‌ఛైర్ బుక్ చేసుకుంటారు. దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారేటప్పుడు ఇంగ్లీషు రాక దారి తప్పుతామేమోనన్న భయమే దానికి కారణం. ఆ పెద్దల్ని మోసగాళ్లని నిందించడం నాకు ఇష్టం లేదు. వారికి కావలసింది చేయి పట్టి నడిపించే మనిషి, కుర్చీ కాదు. కుర్చీ లేకుండా తోడు మాత్రమే వచ్చే సేవను విడిగా ఏర్పాటు చేసి, టికెట్ కొనేటప్పుడే తెలుగులో అడిగి నమోదు చేసుకుంటే కుర్చీలు వాటంతట అవే ఖాళీ అవుతాయి. అయినా, సంస్థ కుర్చీలు చాలకపోవడం వేరు, నా సొంత కుర్చీని విరగ్గొట్టడం వేరు. మొదటిది చూపి రెండోదాన్ని కప్పిపుచ్చలేరు.

అమెరికాలో పెద్ద విమానయాన సంస్థలు ఎన్ని వీల్‌ఛైర్లు ఎక్కించాయో, ఎన్ని పాడుచేశాయో 2018 డిసెంబరు నుంచి ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. 2023లో అలా పాడైనవి, పోయినవి, ఆలస్యమైనవి 11 వేలకు పైగా తేలాయి. లెక్క ఉండబట్టే అక్కడి రవాణా శాఖ 2024 అక్టోబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు 5 కోట్ల డాలర్ల జరిమానా వేయగలిగింది. దేశీయ ప్రయాణాల్లో సామాను పరిమితి అక్కడ వీల్‌ఛైర్‌కు వర్తించదు, కొన్న ధరను బట్టి నష్టం కట్టాలి. కెనడాలో 2020 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం తాత్కాలికంగా వేరే కుర్చీ ఇచ్చి, పాడైనదాన్ని బాగుచేయించడమో కొత్తది కొనివ్వడమో సంస్థే చేయాలి. మన డీజీసీఏ నెలనెలా వెలువరించే నివేదికలో ప్రయాణికుల ఫిర్యాదులు రకాల వారీగా ఉంటాయి కానీ, ఎన్ని వీల్‌ఛైర్లు ఎక్కాయి, ఎన్ని విరిగాయి అన్న లెక్క కనిపించదు.

ఈలోగా ప్రయాణం చేసే మిత్రులకు ఒక్క మాట. కుర్చీ అప్పగించే ముందు అన్ని వైపులా ఫొటోలు తీసుకోండి, దాని మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషులో ఎక్కడ పట్టుకోవాలో రాసి అంటించండి. దెబ్బతింటే విమానాశ్రయం దాటకముందే నష్టం నివేదిక రాయించి నకలు తీసుకోండి. ఏడు రోజుల్లోగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వకపోతే దావాకు హక్కే పోతుంది. ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలోనూ నమోదు చేసి, అవసరమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి.

పౌర విమానయాన శాఖను ఇప్పుడు నిర్వహిస్తున్నది మన శ్రీకాకుళం లోక్‌సభ సభ్యులు కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. 1934 నాటి విమాన చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. విమానాలను అద్దెకిచ్చే కంపెనీల ఆస్తికి రక్షణ కల్పించే చట్టాన్ని కూడా అదే ఏడాది పార్లమెంటు ఆమోదించింది. కోట్ల విలువైన విమానం యజమానికి దక్కిన భరోసా, ఆ విమానం కడుపులో ప్రయాణించే కుర్చీ యజమానికీ దక్కాలని అడుగుతున్నాను. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. దేశీయ ప్రయాణాల బాధ్యతా పరిమితులను కేంద్రం నోటిఫికేషన్ ద్వారానే నిర్ణయిస్తోంది. వీల్‌ఛైర్లు, కృత్రిమ అవయవాలు, ఇతర సహాయ పరికరాలు ఆ 20,000 రూపాయల పరిమితిలోకి రావని, వాటికి మరమ్మతు లేదా కొత్తది కొనే పూర్తి ఖర్చును, ఈలోగా వాడుకోవడానికి తగిన కుర్చీని సంస్థే ఇవ్వాలని ఆ నోటిఫికేషన్‌లో చేర్చాలి. ఎన్ని పాడయ్యాయో సంస్థల వారీగా నెలనెలా ప్రకటించమని డీజీసీఏను ఆదేశించాలి. ఈ రెండూ మంత్రిగారి చేతిలో ఉన్నవే.

ఇట్లు,
వీల్‌ఛైర్ మీద ప్రయాణించే ఒక పాఠకురాలు,
తార్నాక, హైదరాబాద్